బజారులో బారెడు జాగా

బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో తెల్లవారుజామున నాలుగింటికి గంగిరెద్దు కనపడదు. ఆ వేళకి అక్కడ మనిషి నిలబడడమే కష్టం. టెంపోల్లోంచి దిగిన చామంతి మూటలు హమాలీల తలల మీద పరుగెడుతుంటాయి. మల్లెలు, కనకాంబరాలు, సుగంధరాజాలు గుట్టలుగా పడి, చూస్తుండగానే ధర పలికి వెళ్ళిపోతుంటాయి. పొద్దెక్కేలోపు సరుకు ఊరంతా చేరాలన్న టెన్షన్‌లో ఉన్న టోకు వ్యాపారి సన్నాయి వినపడినా తల తిప్పడు. గంగిరెద్దు ఎనిమిది దాటాక వస్తుంది. అప్పటికి మూర లెక్కన పూలు కొనుక్కునే ఆడవాళ్ళు, పూజసామాన్ల కోసం వచ్చిన కుటుంబాలు, మెట్రో దిగి మెల్లగా నడిచొచ్చే పెద్దవాళ్ళు కనపడడం మొదలవుతుంది. చేతిలో చిల్లర, మనసులో కాస్త తీరిక రెండూ ఉన్న జనం వాళ్ళే.

రద్దీ ఎక్కడుంటే వీధి కళాకారులు అక్కడికి చేరిపోతారని బయటినుంచి చూసేవాళ్ళు అనుకుంటారు. అసలు వాళ్ళు వెతికేది ఆ రద్దీ కాస్త నెమ్మదించే మూల. పూలబజారు నుంచి బయటపడే దారి, మెట్రో స్టేషన్ ముందర, కాఫీ గ్లాసు పట్టుకుని జనం నిలబడే టిఫిన్ హోటల్ ఎదురుగా, గుడి దగ్గర చెప్పులు విడిచేచోట, ఫ్లైఓవర్ కింద నీడలో. మనిషి అప్పటికే ఏదో పనిమీద ఆగి ఉంటాడు. ఆ అరనిమిషాన్ని మూడు నిమిషాలుగా సాగదీయడంలోనే ఆటగాడి పనితనమంతా ఉంటుంది. కొన్నేళ్ళుగా ఆ మూలలే ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. వీధి కళలకి ఆదరణ పోయిందని అందరూ తేలిగ్గా అనేస్తారు గానీ, ఈ మార్కెట్‌ని దగ్గరగా చూస్తే ముందు పోయింది జాగా. ఆదరణ సంగతి ఆ తర్వాత.

ఈ నేలకి జనాన్ని ఒకచోట చేర్చడం పాత అలవాటు. పేట అనే పాత ఊరికీ, కోటకీ మధ్య ఉన్న జాగా ఇది. కెంపేగౌడ 1537లో పునాది వేశాడని చెప్పే ఆ ఊళ్ళో అక్కిపేట, రాగిపేట, బళేపేట, తరగుపేట అంటూ సరుకుల పేర్లమీదే వీధులు వెలిశాయి. 1791 మార్చిలో బ్రిటిషు సేనాని కార్న్‌వాలిస్ సేన ముందు పేటనీ, తర్వాత కోటనీ పట్టుకున్న యుద్ధం ఈ చుట్టుపక్కలే జరిగింది. శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి వచ్చిన కరెంటుతో 1905 ఆగస్టు 5న బెంగళూరులో మొదటి విద్యుత్ వీధిదీపాలు వెలిగిందీ ఇక్కడే. మార్కెట్ 1928 నాటిది. మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయర్ పేరు పెట్టారు గానీ పాతవాళ్ళ నోట ఇప్పటికీ అది సిటీ మార్కెట్టే. దగ్గర్లోనే జామియా మసీదు, కోటె వెంకటరమణ గుడి, టిప్పు వేసవి మహల్, విక్టోరియా ఆస్పత్రి. కాస్త అవతల కలాసిపాళ్యం బస్సులు. పూలు తెచ్చిన రైతు, ఆస్పత్రికొచ్చిన రోగి, దర్శనానికొచ్చిన భక్తుడు, ఊరికి బస్సెక్కే కూలీ అందరూ ఒకే కూడలిలో కలుస్తారు. ఆడేవాళ్ళకి ఇంతకంటే మంచి సభ దొరకదు.

ఆ సభలో తెలుగు వాటా చిన్నదేం కాదు. 2011 జనాభా లెక్కల్లో బెంగళూరు నగర జిల్లాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు దాదాపు 14 శాతం. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు రైతులకీ, మదనపల్లె, పలమనేరు, కుప్పం, హిందూపురం నుంచి వచ్చేవాళ్ళకీ ఇది ఇంటి బజారు లాంటిది. బేరం కన్నడలో మొదలవుతుంది, అవతలి మనిషి యాస పట్టుకోగానే తెలుగులోకి దిగిపోతుంది, పక్క కొట్టువాడితో ఉర్దూలో ఒక మాట, తమిళంలో ఇంకో మాట. పూలదండ కొలిచేది మూరతో, ఎక్కువ కావాలంటే రెండు చేతులూ చాచి బారతో. కన్నడలో వాటినే మొళ, మారు అంటారు. ఏ భాషలో అడిగినా కొలత మాత్రం అమ్మే మనిషి చెయ్యే. అందుకే పొడుగు చేతుల మనిషి దగ్గర కొనమని తల్లులు పిల్లలకి చెబుతారు.

కళాకారుల దగ్గరికొస్తే తెలుగు ఇంకా లోతుగా ఉంటుంది. గంగిరెద్దుని కన్నడలో కోలె బసవ అంటారు. ఆడించే కుటుంబాల్లో చాలామందికి ఇంటిమాట తెలుగు. దొంబరు అని ఇక్కడ పిలిచే, తాడుమీద ఆడే దొమ్మరివాళ్ళలో, బుడ్గ జంగాల్లో, కర్ణాటక పల్లెల్లో సుడుగాడు సిద్ధులనే సంచార కుటుంబాల్లో కూడా తెలుగు ఇంట్లో బతికే ఉంది. జనం ముందు పాట కన్నడలో సాగుతుంది. పిల్లని కసిరేటప్పుడు, ఎద్దుని అదిలించేటప్పుడు, పోలీసు వస్తున్నాడని ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు తెలుగు. కెంపేగౌడ వంశంలో ఒక ప్రభువు తెలుగులో యక్షగానం రాశాడంటే ఈ ఊరికి తెలుగు ఆట కొత్త కాదని అర్థమవుతుంది. అయినా బెంగళూరు తెలుగువాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఉగాదికి పెద్ద హాలు మాట్లాడుకుని సాంస్కృతిక కార్యక్రమాలు పెట్టుకుంటాం. తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ ఆడుతూ వచ్చిన కుటుంబాలు అదే ఊళ్ళో పదిరూపాయల నోటు కోసం ఎండలో నిలబడి ఉంటాయి. ఇది నిజంగా బాధపడాల్సిన విషయం.

సోమవారం పొద్దున పూలబజారు బయట ఒక గంగిరెద్దు ఆగిందనుకుందాం. మూపురం మీద రంగురంగుల బొంతగుడ్డ, కొమ్ములకి ఇత్తడి కుప్పెలు, మెడలో గవ్వల పట్టెడ, గంటలు. ఒకరు సన్నాయి ఊదుతారు, ఇంకొకరు డోలు వాయిస్తూ ముకుతాడు పట్టుకుంటారు. "అమ్మగారికి దణ్ణం పెట్టు" అనగానే ఎద్దు తల వంచుతుంది. చూసేవాళ్ళ కళ్ళు ఎద్దు మీద ఉంటాయి గానీ అసలు చూడాల్సింది డోలు పట్టుకున్న చేతిని. మాట పూర్తవడానికి ఒక్క క్షణం ముందు దెబ్బ మారుతుంది, తాడు ఒక వేలంత బిగుస్తుంది. ఎద్దుకి తెలిసింది ఆ రెండే. అడ్డంగా తల ఊపడానికి ఒక దెబ్బ, నిలువుగా ఊపడానికి ఇంకొకటి. "వాన పడుతుందా బసవన్నా" అంటే అవునని, "ఈ అమ్మకి కష్టాలుంటాయా" అంటే కాదని. దూడప్పటి నుంచి, ఒకే మనిషి చేతికింద, ఏళ్ళ తరబడి అలవాటు చేస్తే గాని ఈ సంజ్ఞలు కుదరవు. ఇంత పని జరుగుతున్నట్టు ఎవరికీ తెలియకపోవడమే ఆ విద్యలో గొప్పతనం.

పూలమ్మే ముసలమ్మ డబ్బులివ్వదు. గుట్టలోంచి ఒక చేరెడు చామంతులు తీసి ఎద్దు కొమ్ముల మధ్య పెడుతుంది. "యా ఊరు నాయనా మీది?" అని అడుగుతుంది. "మదనపల్లి కాడ, అవ్వా" అంటాడు సన్నాయి ఊదేవాడు. ఆ ఒక్క మాటకి పక్కనున్న నలుగురు తిరిగి చూస్తారు, ఇద్దరు జేబులో చెయ్యి పెడతారు. కన్నడ పాట తేలేని చిల్లర ఒక్కోసారి ఈ ఊరి పేరు తెస్తుంది.

సోమవారం అనడంలో కూడా లెక్క ఉంది. బజారు వారం దేవుళ్ళ మధ్య పంచుకుని ఉంటుంది. సోమవారం శివుడిది కాబట్టి కొట్టు గుమ్మంలో బసవన్న నిలబడితే బోణీ మంచిదని సేటు నమ్మకం. మంగళ, శుక్రవారాలు అమ్మవారివి. ఆ రోజుల్లో అమ్మవారి పెట్టె నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి, ఉరుమి అనే డోలు మోతకి తన ఒంటిమీద తనే కొరడా ఝళిపించుకునే మగమనిషి కనపడతారు. శనివారం దాసయ్యలది: ఒక చేతిలో శంఖం, ఇంకో చేతిలో జేగంట. శ్రావణంలో వాళ్ళ సంఖ్య పెరుగుతుంది. ఎవరి వారం వాళ్ళకి ఉండడంవల్ల ఒకరి బేరానికి ఇంకొకరు అడ్డురారు. రాసిపెట్టుకున్న ఒప్పందం ఏదీ లేదు, అయినా బజారులో చాలా కాగితాల కంటే గట్టిగా నడుస్తుంది.

ఈ వాద్యాల ఎంపిక కూడా ఆరుబయటి పనికి తగ్గట్టే జరిగింది. సన్నాయి గొంతు సన్నగా, పదునుగా ఉంటుంది కాబట్టి వందమంది కేకల మధ్యనుంచి కూడా దూసుకొస్తుంది. ఉరుమిని వంకర పుల్లతో రుద్దితే వచ్చే మూలుగు కింది స్థాయిలో ఉంటుంది, చెవికంటే ముందు గుండెకి తగులుతుంది. శంఖం ఒక్కసారి ఊదితే చాలు, వీధి చివర వరకు తలలు తిరుగుతాయి. అమ్మేవాళ్ళ కేకలకీ వీటికీ మధ్య ఒక మర్యాద ఉండేది. దాసయ్య శంఖం ఎత్తగానే టమాటాలమ్మే మనిషి ఒక్క క్షణం కేక ఆపేవాడు. ఆ తర్వాత శంఖం ఆగి, కేక మళ్ళీ మొదలయ్యేది. ఇప్పుడు బండికి బ్యాటరీ స్పీకర్ కట్టి ఉంటుంది. "కిలో ఇరవై, కిలో ఇరవై" అని ఒకసారి రికార్డు చేసిన గొంతు పొద్దున్నుంచి రాత్రిదాకా తిరుగుతూనే ఉంటుంది. దానికి శంఖం వినపడదు. బండివాడు మంచివాడే, గొంతు అరిగిపోకుండా కాపాడుకుంటున్నాడు, అతన్ని తప్పుపట్టలేం. కానీ మనిషి గొంతుకి ఊపిరి తీసుకునే విరామం ఉండేది, వీధి పాట నిలబడింది ఆ విరామంలోనే. బజారులో జాగా అంటే నేల ఒక్కటే అనుకుంటాం. చప్పుడులో కూడా జాగా కావాలి, అది కూడా పోయింది.

నేల సంగతి ఇంకా సూటిగా కనపడుతుంది. దొమ్మరి ఆటకి కత్తెరలా కట్టిన గడల జతలు రెండు, వాటిమధ్య పది పన్నెండడుగుల తాడు, చుట్టూ జనం నిలబడే వలయం కావాలి. గడలు పాతడానికి మట్టి కావాలి, లేదా మేకులు దిగే సందు కావాలి. సిమెంటు పలకల ఫుట్‌పాత్ మీద మేకు దిగదు. ఖాళీ కనపడిన ప్రతిచోటా స్కూటర్ ఆగి ఉంటుంది. మార్కెట్ చుట్టూ ఆ ఆట అరుదైపోవడానికి ఇది పెద్ద కారణం. ఇంకో కారణం మంచిదే: తాడు ఎక్కేది ఎక్కువగా చిన్నపిల్లలు. పద్నాలుగేళ్ళ లోపు పిల్ల బడిలో ఉండాలి, తాడు మీద కాదు. ఈ విషయంలో సంప్రదాయం పేరు చెప్పి సర్దుకోవడానికి వీల్లేదు. పెద్దవాళ్ళు ఎక్కితే ఆట తగ్గదు. చేతిలోని పొడవాటి గడ రెండు చివరల బరువు వల్ల ఒళ్ళు ఒక పక్కకి ఒరగడం నెమ్మదిస్తుంది, సర్దుకోవడానికి టైం దొరుకుతుంది. ఈ సూత్రం పిల్లకైనా పెద్దకైనా ఒకటే.

డబ్బు చేతులు మారే పద్ధతి కూడా మారింది. వలయం కట్టే ఆటలో డబ్బు అడిగే క్షణం చాలా ముఖ్యం. అసలైన ఫీటుకి ఒక్క మెట్టు ముందు ఆపి పళ్ళెం తిప్పుతారు. ముందే అడిగితే ఇవ్వరు, అయిపోయాక అడిగితే మనుషులు ఉండరు. చిల్లర నాణెం ఈ పద్ధతికి అచ్చంగా సరిపోయేది, నడుస్తూనే విసరొచ్చు. యూపీఐ 2016లో వచ్చాక జేబుల్లో నాణేలు తగ్గాయి. 2021 నవంబరులో గంగిరెద్దు నుదుటిమీద క్యూఆర్ కోడ్ ఉన్న వీడియోని ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పంచుకుంటే దేశమంతా ముచ్చటపడింది. ముచ్చటైనదే, కానీ పనిచేసే తీరు చూడాలి. ఫోన్ తీయాలి, కోడ్ పట్టాలి, అంకె కొట్టాలి, పిన్ కొట్టాలి. ఇంతసేపు ఆగే మనిషి పది ఇస్తాడు, ఇరవై ఇస్తాడు. ఆగని మనిషి ఇచ్చే రెండు రూపాయలు మాత్రం ఇక రావు. వందమంది రెండేసి ఇచ్చిన చోట పదిమంది ఇరవయ్యేసి ఇస్తే మొత్తం ఒకటే అవ్వొచ్చు. ఆ పదిమంది ఆగడానికి మాత్రం మళ్ళీ జాగానే కావాలి.

చట్టం దగ్గరికొస్తే పరిస్థితి ఇంకా ఇరుకు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం పాడటం, ఆడటం, జోస్యం చెప్పడం, విద్య ప్రదర్శించడం లాంటివాటి పేరుతో డబ్బు తీసుకోవడాన్ని కూడా భిక్షాటన కిందే చేర్చింది. కర్ణాటక 1975లో తెచ్చిన భిక్షాటన నిషేధ చట్టం చూపు కూడా అదే. బిచ్చగాళ్ళ పునరావాసం కోసం ఆస్తిపన్ను మీద 3 శాతం సెస్ కూడా ఈ చట్టం కిందే వసూలవుతుంది. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ బొంబాయి చట్టంలో భిక్షాటనని నేరంగా చూసే సెక్షన్లని ఢిల్లీ వరకు కొట్టేసింది, కానీ కర్ణాటకలో సొంత చట్టం ఉంది. అంటే ఇరవై ఏళ్ళు సాధన చేసిన సన్నాయి విద్వాంసుడూ, చెయ్యి చాచిన మనిషీ కాగితం మీద ఒకే గాటన పడతారు. దొమ్మరివాళ్ళ లాంటి సంచార కులాలకి ఈ అనుభవం కొత్త కాదు. 1871లో బ్రిటిషువాళ్ళు మొదలుపెట్టిన నేరస్త తెగల చట్టం ఊరూరూ తిరిగి బతకడాన్నే అనుమానించింది. 1952లో అది రద్దయింది. అనుమానం మాత్రం లాఠీ పట్టిన చేతుల్లో ఇంకా కొంత మిగిలే ఉంది.

ఎద్దు విషయంలో ఇంకో చిక్కు. 2011లో కేంద్రం ప్రదర్శనలకి వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దుని చేర్చింది. ఆ గొడవంతా జల్లికట్టు చుట్టూ నడిచింది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చివరికి తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ తమ ఆటల కోసం సవరణలు తెచ్చుకుంటే 2023 మేలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. జల్లికట్టుకీ, కర్ణాటక దున్నపోతుల పందెం కంబళకీ అండగా ఊళ్ళూ పార్టీలూ నిలబడ్డాయి. గంగిరెద్దు గురించి అంత గట్టిగా అడిగినవాళ్ళు లేరు. ఎండలో తారురోడ్డు మీద గంటల తరబడి నిలబెడితే జంతువుకి బాధే, అందులో వాదన లేదు. పొద్దున రెండు గంటలు, నీడ, నీళ్ళు, పశువైద్యుడి చూపు అని నియమం పెడితే ఎద్దుకీ మేలు, మనిషికీ మేలు. నియమం లేనిచోట నడిచేది మామూళ్ళే.

ఇదే బెంగళూరులో చర్చ్ స్ట్రీట్ ఉంది. 2018లో రాళ్ళు పరిచి కొత్తగా తీర్చారు. 2020 నవంబరు నుంచి కొన్ని నెలలు వారాంతాల్లో బండ్లు ఆపేసి మనుషులకే వదిలారు. అక్కడ గిటార్ పట్టుకుని పాడే కుర్రాడి ముందు పెట్టె తెరిచి ఉంటుంది, జనం డబ్బు వేస్తారు, ఫోటోలు తీసుకుంటారు. ఎవరూ అతన్ని బిచ్చగాడనరు, అనకూడదు కూడా. మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో సన్నాయి ఊదే మనిషి చేసేది అదే పని. తేడా ఎక్కడుందంటే బట్టలో, భాషలో, చూసేవాళ్ళ చదువులో. నగరం చర్చ్ స్ట్రీట్‌కి ఇవ్వగలిగింది కె.ఆర్. మార్కెట్‌కి ఎందుకివ్వలేదు? మార్కెట్ బిజీ అంటారు. నిజమే, కానీ మార్కెట్ రోజంతా ఒకేలా బిజీగా ఉండదు. తొమ్మిది నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి ఏడు. ఈ నాలుగు గంటలు ఫ్లైఓవర్ కింద ఒక నాలుగు స్తంభాల మధ్య జాగాని స్కూటర్ల నుంచి విడిపించి గీత గీస్తే చాలు. 2014 వీధి వ్యాపారుల చట్టం సరుకులమ్మేవాళ్ళతో పాటు వీధిలో సేవలందించేవాళ్ళని కూడా వీధి వ్యాపారులుగానే చెప్పింది. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీల్లో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలంది. ఆ సేవల్లో సన్నాయినీ డోలునీ చేర్చి, ఒక గుర్తింపు కార్డు ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. అడిగేవాళ్ళు కావాలి. బెంగళూరు తెలుగు సంఘాలు ఆ పని చేయగలవు, వాళ్ళ మాట వినేవాళ్ళున్నారు.

జాగా దొరకదనే మాట కూడా పూర్తిగా నిజం కాదని ప్రతి ఏటా ఒక రాత్రి రుజువవుతుంది. చైత్ర పౌర్ణమికి తిగళరపేట ధర్మరాయ గుడి నుంచి కరగ ఉత్సవం బయల్దేరుతుంది. మల్లెపూల గోపురం లాంటి కరగను పూజారి తలమీద ఎత్తుకోగా, కత్తులు పట్టిన వీరకుమారులు వెంట నడవగా, పేట వీధులన్నీ తిరుగుతుంది, కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకి వెళ్తుంది, మార్కెట్ మీదుగా సాగుతుంది. ఆ రాత్రి బండ్లు ఉండవు, స్కూటర్లు ఉండవు, కొట్లముందు పేర్చిన బుట్టలు ఎవరికి వాళ్ళే లోపలికి లాక్కుంటారు. ఎక్కడ లేని వెడల్పు ఆ వీధులకి వచ్చేస్తుంది.

మామూలు రోజుల్లో సీను వేరు. పదకొండింటికి సన్నాయి సంచిలోకి వెళ్తుంది. ఎద్దు కొమ్ముల మధ్యనుంచి రాలిన చామంతులు సిమెంటు మీద పడి ఉంటాయి. ఎద్దు నిలబడిన బారెడు చోటు అరనిమిషం ఖాళీగా కనపడుతుంది. ఈలోగా ఒక స్కూటర్ వచ్చి, పూల మీదే స్టాండు వేస్తుంది.